చేరిన పాఠమే పాఠం

(ఆచార్య జి. రాంరెడ్డి గారి స్మృతిలో అబ్దుల్లాపూర్‌మెట్‌లో చేసిన ప్రసంగ పాఠం)



 రాంరెడ్డి గారు 1929లో కరీంనగర్ జిల్లాలో పుట్టారు. ఉస్మానియాలో ప్రభుత్వ పాలనా శాస్త్రం బోధించారు. పంచాయతీరాజ్ మీద లోతుగా పరిశోధన చేశారు. 1977 నుంచి 1982 దాకా ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 1982 ఆగస్టులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలిస్తే దానికి తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. ఆనాటి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమే ఇవాళ్టి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిందీ ఆయనే. 1991 నుంచి యూజీసీకి అధ్యక్షత వహించారు. 1995లో కన్నుమూశారు.

ఇంత పెద్ద జీవితంలోంచి ఇవాళ ఒక్క అంశాన్నే ఎత్తుకుంటాను. తరగతి గదిలో పాఠం చెప్పే మనిషికి ఎదురుగా పిల్లల ముఖాలు ఉంటాయి. అర్థం కాకపోతే ముఖం చెబుతుంది, మాస్టారు మళ్లీ చెబుతారు. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆ వీలు తక్కువ. ఉద్యోగం చేసుకునేవాళ్లు, ఇల్లు నడిపే ఆడవాళ్లు, ఇంటర్మీడియెట్ చదవకుండా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరినవాళ్లు రాత్రిపూట ఇంట్లో పుస్తకం తెరిచేవారు. పక్కన అడగడానికి ఎవరూ ఉండేవారు కాదు. అందుకే అక్కడి పాఠాలను వేరే పద్ధతిలో రాయించారు. ఈ పాఠం చదివాక నీకు ఏమి తెలుస్తుందో మొదటే చెప్పాలి. విషయాన్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టాలి. ప్రతి భాగం తర్వాత తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు ఇవ్వాలి. జవాబులూ ఇవ్వాలి. ఈ పద్ధతి వెనక ఒక నీతి ఉంది. దూరాన ఒంటరిగా కూర్చున్న విద్యార్థికి పాఠం అందకపోతే దిద్దుకోవలసింది ముందుగా పాఠమే.

నలభై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఆ ఒంటరి విద్యార్థి చేతిలో పుస్తకానికి బదులు ఫోను ఉంది. పాఠం, హాజరు, అసైన్‌మెంటు, క్విజ్, మార్కులు అన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లోంచి వస్తున్నాయి. పాఠం రాసినవారు ఆనాడు మోసిన బాధ్యతను ఈ సాఫ్ట్‌వేర్ మోస్తోందా? చాలాచోట్ల మోయడం లేదన్నది నా అభిప్రాయం. ఎందుకు మోయడం లేదో, మోయించడానికి మనం ఏమి చేయగలమో చెప్పడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఈ రోడ్డు మీది చదువు

అబ్దుల్లాపూర్‌మెట్ 2016లో హయత్‌నగర్ నుంచి విడివడి మండలమైంది. విజయవాడ హైవేకు అటూ ఇటూ ఇంజనీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ కాలేజీలు వరుసగా ఉన్నాయి. సాయంత్రం నాలుగు దాటితే కాలేజీ బస్సులు, ఆర్టీసీ బస్సులు నిండుగా ఎల్బీనగర్ వైపు కదులుతాయి. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక నగరం మరింత దగ్గరైంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు ఛార్జీ లేదు కాబట్టి హాస్టల్ మానేసి రోజూ ఇంటి నుంచే వచ్చిపోయే అమ్మాయిలు కనిపిస్తున్నారు. కొందరు చౌటుప్పల్ వైపు పల్లెలకు వెళతారు. కొందరు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్లకు చేరుతారు.

వీళ్లు ఆన్‌లైన్ పాఠాన్ని తెరిచేది ఎక్కడ? హయత్‌నగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిన బస్సులో, ఒక చేత్తో పైన రాడ్ పట్టుకొని. నలుగురు ఉండే హాస్టల్ గదిలో, అందరూ ఒకే వైఫై లాగుతున్న రాత్రి పది గంటలకు. రోజుకు ఇంత అని కొలిచి వచ్చే మొబైల్ డేటా అయిపోవస్తున్న వేళ. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారి ఊహలో మాత్రం విద్యార్థి ముందు పెద్ద స్క్రీను, మౌసు, ఆగని ఇంటర్నెట్ ఉంటాయి.

ఈ తేడా ఎంత పెద్దదో లెక్కలూ చెప్పాయి. 2017-18లో జాతీయ నమూనా సర్వే 75వ విడతలో చదువు గురించి ఆరా తీశారు. దేశంలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న ఇళ్లు పట్టణాల్లో 42 శాతం, గ్రామాల్లో 14.9 శాతం. కంప్యూటర్ ఉన్న ఇళ్లు పట్టణాల్లో 23.4 శాతం, గ్రామాల్లో 4.4 శాతం. ఆ తర్వాత ఇంటర్నెట్ చాలా విస్తరించింది. కానీ విస్తరించింది ఫోను మీద. మన పిల్లల్లో చాలామందికి మొదటి కంప్యూటరూ, ఏకైక కంప్యూటరూ ఫోనే.

2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డప్పుడు చేతికి ఏది దొరికితే దానితో పాఠాలు మొదలుపెట్టాం. ఆ హడావుడిలో ఎవరినీ తప్పుపట్టలేం. అయితే ఆపద్ధర్మంగా తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్లు, వాటి వెనకే వచ్చిన అలవాట్లు తర్వాత స్థిరపడిపోయాయి. మరోవైపు చదువులో ఆన్‌లైన్ వాటా పెరుగుతూనే ఉంది. ఆన్‌లైన్ పాఠాలు అందించే ఎన్‌పీటెల్ 2003లో మొదలైంది. ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయంను 2017 జూలైలో ప్రారంభించారు. 2021లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. చదువులో ఇంత భాగం స్క్రీను మీదికి మారుతున్నప్పుడు ఆ స్క్రీను వాడటానికి వీలుగా ఉందా అన్న ప్రశ్న కంప్యూటర్ విభాగానికే పరిమితం కాదు. అది విద్యా సమానత్వ ప్రశ్న.

ఒక అసైన్‌మెంటు ప్రయాణం

విద్యార్థులు ఈ సాఫ్ట్‌వేర్లు వాడుతుంటే పక్కన కూర్చొని చూడటం నాకు అలవాటు. బీటెక్ మూడో సంవత్సరం అమ్మాయి అసైన్‌మెంటు పంపుతుండగా చూసినది మీకు వివరంగా చెబుతాను. ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ అనవసరం. చాలావాటిలో ఇదే జరుగుతుంది.

కాగితాల మీద చేత్తో రాసిన జవాబులను ఆమె ఫోనుతో స్కాన్ చేసి ఒక పీడీఎఫ్ చేసింది. లాగిన్ అయింది. కోర్సు పేరు మీద నొక్కింది. అసైన్‌మెంటు ఎక్కడుందో వెతకడానికి మూడు మెనూలు తెరిచి మూసింది. దొరికాక ఫైలు ఎక్కించింది. గుండ్రంగా తిరిగే గుర్తు చాలాసేపు తిరిగింది. చివరికి ఎర్ర అక్షరాల్లో, ఇంగ్లీషులో ఒక మాట వచ్చింది. ఫైలు చెల్లదని దాని అర్థం. ఎందుకు చెల్లదో లేదు. పరిమితి రెండు ఎంబీ అని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, ఫోనులో అంత కిందికి ఎవరూ వెళ్లరు. తోటి విద్యార్థిని అడిగి ఆ సంగతి తెలుసుకుంది. ప్రకటనలతో నిండిన ఒక ఉచిత వెబ్‌సైట్‌లో ఫైలు కుదించుకుంది. తిరిగి వచ్చేసరికి లాగిన్ గడువు తీరిపోయింది. మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ ఓటీపీ, మళ్లీ మూడు మెనూలు. ఈసారి ఫైలు ఎక్కింది. కానీ పంపే బటన్ స్క్రీనుకు కుడివైపు బయట ఉండిపోయింది. ఫోను అడ్డంగా తిప్పితే గాని కనబడలేదు. నొక్కింది. పేజీ మొదటికి వెళ్లిపోయింది. అందిందని ఒక్క మాట లేదు.

అప్పుడు ఆమె చేసిన పని చూడండి. ఆ స్క్రీనును ఫొటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నేను పంపాను, రేపు అందలేదంటే ఇదే సాక్ష్యం అని. గ్రూపులో అలాంటి స్క్రీన్‌షాట్లు అప్పటికే వరుసగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఇవ్వవలసిన రసీదును పిల్లలు తామే తయారుచేసుకుంటున్నారు. జవాబులు రాయడం కంటే వాటిని పంపడం కష్టమైతే అది చదువుకు సాయమా, అడ్డంకా?

కొలవడం ఎలా

వాడుకలో సౌలభ్యం అనేది ఒకరికి నచ్చడం, ఇంకొకరికి నచ్చకపోవడం అనుకుంటారు. దానికి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. ఐఎస్ఓ 9241లో 11వ భాగం 1998లో వచ్చింది, 2018లో దాన్ని సవరించారు. అది మూడు సంగతులు చూడమంటుంది. అనుకున్న పని పూర్తయిందా? దానికి ఎంత సమయం, ఎంత శ్రమ పట్టింది? వాడినవారు తృప్తి పడ్డారా? ఈ మూడింటినీ ఫలానా మనుషులకు, ఫలానా పనికి, ఫలానా పరిస్థితుల్లో కొలవాలన్నది ఆ ప్రమాణంలోని అసలు పట్టు. అంటే బెంగళూరు ఆఫీసులో బాగా నడిచిన సాఫ్ట్‌వేర్ హయత్‌నగర్ బస్సులోనూ బాగుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇక్కడ పరీక్షించాల్సిందే.

తృప్తిని కొలవడానికి సులువైన సాధనం ఒకటుంది. ఇంగ్లండులో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేస్తూ జాన్ బ్రూక్ 1986లో దాన్ని తయారుచేశారు. సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ అంటారు. పది వాక్యాలు ఉంటాయి, ప్రతిదానికీ ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయాలి. బేసి వాక్యాలు మెచ్చుకోలుగా, సరి వాక్యాలు ఫిర్యాదుగా ఉంటాయి. బేసి వాటిలో వేసిన అంకె నుంచి ఒకటి తీసేయాలి. సరి వాటిలో ఐదు నుంచి ఆ అంకెను తీసేయాలి. మొత్తాన్ని రెండున్నరతో గుణిస్తే నూటికి స్కోరు వస్తుంది. ఎన్నో సాఫ్ట్‌వేర్ల మీద వచ్చిన స్కోర్లను కలిపి చూస్తే సగటు 68 దగ్గర తేలింది. కాబట్టి 68 ఫస్ట్ క్లాసు మార్కు కాదు, నడిమి మెట్టు.

మన కాలేజీల్లో ఈ ఫారం నింపించేటప్పుడు రెండు జాగ్రత్తలు కావాలి. ఇంటర్నల్ మార్కులు వేసే మాస్టారు ఎదురుగా నిలబడి ఫారం ఇస్తే పిల్లలు అన్నీ బాగున్నాయనే రాస్తారు. పేరు లేకుండా, ఆయన లేని చోట నింపించాలి. రెండోది, వాక్యాలు సరిగా అర్థం కాకపోతే పదింటికీ ఒకే అంకె వేసి ఇచ్చేస్తారు. మెచ్చుకోలుకూ ఫిర్యాదుకూ ఒకే జవాబు ఇస్తే ఆ ఫారానికి విలువ లేదు. తెలుగులోకి జాగ్రత్తగా మార్చి, ముందు కొందరికి ఇచ్చి సరిచూసుకొని వాడాలి.

స్కోరు జబ్బు ఉందని చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. దానికి పక్కన కూర్చొని చూడాలి. జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు ఐదుగురు వాడుకదారులను గమనిస్తే చాలు, ఇబ్బందుల్లో ఎక్కువ భాగం బయటపడతాయని 2000లో రాశారు. అంకెల్లో స్కోరు కావాలంటే ఎక్కువమంది అవసరం. కానీ తప్పులు పట్టి దిద్దడానికి ఐదుగురితో మొదలుపెట్టవచ్చు. ఖర్చు లేదు. చూసేవారు నోరు కట్టేసుకోవడమే కష్టం. అక్కడ నొక్కమ్మా అని మనం సాయం చేసిన క్షణంలోనే పరీక్ష చెడిపోతుంది.

పిల్లలకు రాక కాదు

ఈ మాటలు చెప్పినప్పుడల్లా ఒక జవాబు వస్తుంది. మన పిల్లలకు టెక్నాలజీ అలవాటు లేదు, నెమ్మదిగా వాళ్లే నేర్చుకుంటారు అని. దీన్ని నేను గట్టిగా కాదంటాను. టీ కొట్టు దగ్గర యూపీఐతో డబ్బులు కట్టేదీ, ఇంట్లో అమ్మమ్మకు రైలు టికెట్ తీసిపెట్టేదీ, రాత్రికి రాత్రి వీడియో ఎడిట్ చేసి పెట్టేదీ ఈ పిల్లలే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో జావా, పైథాన్ పట్టుబట్టి నేర్చుకునేదీ వీళ్లే. సాఫ్ట్‌వేర్‌ను మనుషులు ఎందుకు స్వీకరిస్తారన్న దాని మీద ఫ్రెడ్ డేవిస్ 1989లో చేసిన పరిశోధన ప్రసిద్ధం. ఇది నాకు పనికొస్తుందన్న నమ్మకం, వాడటం సులువన్న నమ్మకం, ఈ రెండూ కావాలని తేలింది. ఉపయోగం కళ్లకు కనిపిస్తే కొంత కష్టాన్ని మనిషి భరిస్తాడనీ తేలింది. మన పిల్లలు ఉద్యోగం తెచ్చే కష్టమైన సాఫ్ట్‌వేర్‌ను భరిస్తున్నారు. కాలేజీ సాఫ్ట్‌వేర్ దగ్గర విసుగుతున్నారంటే దానివల్ల తమకు కలిగే మేలు కనబడక, కష్టం మాత్రమే కనబడి.

ఏ కాలేజీలోనైనా అడగండి. నోట్సు ఎక్కడ దొరుకుతుంది? వాట్సాప్ గ్రూపులో. పరీక్ష తేదీ మారితే ఎక్కడ తెలుస్తుంది? క్లాసు ప్రతినిధి గ్రూపులో పెడతాడు. డబ్బు పెట్టి తెచ్చిన సాఫ్ట్‌వేర్ హాజరుకూ మార్కులకూ మిగిలి, చదువు వాట్సాప్‌లో సాగుతోంది. విద్యార్థులు ఏ ఫారమూ నింపకుండా ఇచ్చిన తీర్పు ఇది.

భాష, చూపు

ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు కదా, తెలుగెందుకు అని అడుగుతారు. పాఠం ఇంగ్లీషులో అర్థం చేసుకోవడం వేరు, గడువుకు ఐదు నిమిషాల ముందు ఎర్ర అక్షరాల్లో వచ్చిన హెచ్చరికను అర్థం చేసుకోవడం వేరు. ఆర్టీసీ బస్సు బోర్డు మీద నంబరు ఉంటుంది, ఊరి పేరు తెలుగులోనూ ఉంటుంది. ఎక్కకముందే ఎటు పోతుందో తెలియాలని. సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటి కీలకమైన మాటలు కొన్నే ఉంటాయి. అందింది, అందలేదు, ఎందుకు అందలేదు, ఇప్పుడేం చేయాలి. వాటినైనా తెలుగులో పెట్టడానికి ఏ సాంకేతిక అడ్డంకీ లేదు. ఆన్‌లైన్ పాఠాలు నడపడానికి 2002లో వచ్చిన మూడుల్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు.

తెలుగు సాహిత్యం, చరిత్ర చదివే పీజీ విద్యార్థుల కష్టం ఇంకొకటి. అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠాలు పీడీఎఫ్‌లుగా ఎక్కించారు. కంటికి చక్కగా కనిపిస్తాయి. వెతికితే ఒక్క పదం దొరకదు. కాపీ చేస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. చూపు లేని విద్యార్థికి స్క్రీను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఉంది. యూనికోడ్‌లో ఉన్న తెలుగును అది చదువుతుంది. పాత ఫాంట్ పాఠం ముందు మూగబోతుంది. పేరు లేని బటన్, బొమ్మ రూపంలో ఉన్న క్యాప్చా కూడా ఆ విద్యార్థికి మూసిన తలుపులే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతోంది. అలా అందుతోందో లేదో మన కాలేజీల్లో ఎవరు పరీక్షిస్తున్నారు?

కొనేవారు వేరు, వాడేవారు వేరు

ఇన్ని లోపాలు ఎందుకు మిగిలిపోతున్నాయంటే, నాకు తోచిన కారణం ఒకటే. సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేవారు విద్యార్థులు కారు. కంపెనీ ప్రతినిధి వచ్చి ప్రొజెక్టర్ మీద చూపిస్తారు. హాజరు నివేదిక ఒక్క నొక్కుతో వస్తుంది, తనిఖీ కమిటీకి కావలసిన పట్టికలు వస్తాయి, ఫీజు బకాయిల జాబితా వస్తుంది. యాజమాన్యానికి నచ్చుతుంది. ఆ గదిలో విద్యార్థి ఉండడు, అతని ఫోనూ ఉండదు. వాడుకలో సౌలభ్యం కొన్నవారికి దక్కింది. కష్టం వాడేవారికి మిగిలింది.

పంచాయతీరాజ్‌ను పరిశోధించిన రాంరెడ్డి గారికి ఇది కొత్త సమస్యగా కనిపించి ఉండేది కాదు. పథకం ఎంత గొప్పదైనా, ఎవరికోసం పెట్టారో వారి మాట నిర్ణయంలో లేకపోతే అది పైవారి లెక్కల పుస్తకానికే పనికొస్తుంది.

చేయవలసినవి

కాలేజీ యాజమాన్యాలకు, విశ్వవిద్యాలయ అధికారులకు నా విన్నపాలు ఇవి. కొనేముందు ఐదుగురు విద్యార్థులను పిలవండి. తమ సొంత ఫోనులో, సొంత మొబైల్ డేటాతో మూడు పనులు చేయమనండి. ఒక పాఠం తెరవాలి, ఒక అసైన్‌మెంటు పంపాలి, ఒక క్విజ్ రాయాలి. ఆ ఐదుగురిలో ఇంగ్లీషుతో ఇబ్బంది పడేవారు ఒకరు, వీలైతే చూపు లేనివారు ఒకరు ఉండాలి. ఎవరైనా మధ్యలో ఆగిపోతే, దిద్దిన తర్వాతే కొంటామని కంపెనీకి చెప్పండి. కొనుగోలు ఒప్పందంలోనే ఆ షరతు రాయండి.

పంపిన ప్రతి అసైన్‌మెంటుకూ తేదీ, సమయం, ఫైలు పేరుతో రసీదు రావాలి. పెద్ద ఫైలును సాఫ్ట్‌వేరే కుదించుకోవాలి. నెట్ పోయి వస్తే క్విజ్ ఆగిన చోటు నుంచి సాగాలి. వీడియో పాఠాన్ని వైఫై ఉన్నచోట దింపుకొని బస్సులో చూసుకునే వీలుండాలి. సాఫ్ట్‌వేర్ మొరాయించి గడువు దాటితే, తన తప్పు లేదని నిరూపించుకునే భారం విద్యార్థి మీద వేయకండి. సెమిస్టర్‌కు ఒకసారి స్కోరు కొలిచి నోటీసు బోర్డులో పెట్టండి. తక్కువ వచ్చినా పెట్టండి.

అధ్యాపక మిత్రులకు ఒక మాట. మీరు ఎక్కించిన పాఠాన్ని విద్యార్థి లాగిన్‌తో, ఫోనులో ఒకసారి తెరిచి చూడండి. ఆ తర్వాతే క్లాసులో ప్రకటించండి.

ఇక్కడున్న ఇంజనీరింగ్ విద్యార్థులకు చివరి మాట. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం ఎవరో చేసిపెట్టినదాన్ని డబ్బిచ్చి కొనుక్కోవద్దు. మీ కాలేజీ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. మీ జూనియర్లు దానితో ఎక్కడ ఆగిపోతున్నారో పక్కన కూర్చొని చూడండి. మెరుగైన స్క్రీను తయారుచేసి, మళ్లీ అదే పిల్లలతో పరీక్షించి, ఎంత మారిందో కొలవండి. ఈ హైవే మీద ఉన్న కాలేజీల్లో ఏటా ఎందరో కంప్యూటర్ ఇంజనీర్లు తయారవుతున్నారు. తమ పక్క బెంచీ విద్యార్థి ఇబ్బందిని తీర్చిన పని కంటే మంచి తొలి అర్హత వారికి మరొకటి ఉండదు.

ప్రిన్సిపాళ్లకు, కార్యదర్శులకు ప్రత్యేకంగా విన్నవిస్తున్నాను. వచ్చే విద్యా సంవత్సరానికి సాఫ్ట్‌వేర్ ఎంచుకునే కమిటీలో ఇద్దరు విద్యార్థులను సభ్యులుగా వేయండి. వారు వద్దన్నది కొనకండి. రాంరెడ్డి గారి పేరు మీద జరిగిన ఈ సభకు అంతకు మించిన ఫలితం అక్కరలేదు.